తెలుగు జనరంజక కళల విమర్శ: ఖమ్మం–భద్రాచలం అటవీ సరిహద్దు

నిర్వచనం, పరిధి

అప్పటికప్పుడు జనంలోకి వస్తున్న సినిమాలు, టీవీ కార్యక్రమాలు, పాటలు, వాటి వెంట పుట్టే వేడుకలు, వివాదాల మంచిచెడ్డలను కారణాలతో సహా చర్చించడాన్ని జనరంజక కళల విమర్శ అంటారు. ఇందులో రెండు పాయలున్నాయి. సమీక్ష విడుదల రోజుకు కట్టుబడి ఉంటుంది. సినిమాకు వెళ్ళాలా వద్దా అని ఆలోచిస్తున్న ప్రేక్షకుడికి పనికొస్తుంది. విమర్శకు ఆ తొందర లేదు. అది చూసినవాళ్ళతో మాట్లాడుతుంది. కథ ఎక్కడిది, ఎవరి బతుకును చూపింది, ఎవరిని వదిలేసింది అని అడుగుతుంది. తెలుగులో ఈ రెండు పనులనూ తరచుగా ఒకే మనిషి, ఒకే పేజీలో చేస్తూ వచ్చారు.

ఈ వ్యాసం తెలుగు విమర్శను ఒక ప్రాంతం వైపు నుంచి పరిశీలిస్తుంది. ఖమ్మం, భద్రాద్రి కొత్తగూడెం జిల్లాలు, గోదావరి శబరి నదుల వెంట ఇప్పుడు ఆంధ్రప్రదేశ్‌లో ఉన్న చింతూరు, కూనవరం, వరరామచంద్రపురం మండలాలు, ఛత్తీస్‌గఢ్, ఒడిశా హద్దుల దాకా సాగే అడవి దీని పరిధి. తెలుగు సినిమా విమర్శ మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగింది. సినీ పరిశ్రమ ఈ అడవి అంచున వేళ్ళూనలేదు. అయినా భద్రాచలం గుడి, గోదావరి లాంచీ, కోయగూడెం, నక్సలైటు స్థావరం తెలుగు తెర మీద పదేపదే కనిపిస్తాయి. తెర మీద ఇంతగా కనిపించే చోటు గురించి విమర్శకులు ఏం రాశారు, ఏం రాయలేదు అన్నది తెలుగు విమర్శ బలాన్నీ లోటునూ ఒకేసారి పట్టిస్తుంది.

ప్రాంత నేపథ్యం

ఖమ్మం జిల్లా 1953లో వరంగల్ నుంచి విడివడింది. భద్రాచలం డివిజన్ అప్పటికి తూర్పు గోదావరి జిల్లాలో ఉండేది. 1959లో ఖమ్మంలో కలిసింది. 2014లో పోలవరం ప్రాజెక్టు కారణంగా ముంపు మండలాలు ఆంధ్రప్రదేశ్‌కు వెళ్ళాయి. భద్రాచలం పట్టణం తెలంగాణలోనే మిగిలింది. 2016 అక్టోబరులో భద్రాద్రి కొత్తగూడెం వేరే జిల్లా అయింది. కోయలు, కొండరెడ్లు ఇక్కడి ప్రధాన ఆదివాసీ జాతులు. కొత్తగూడెం, ఇల్లెందు, మణుగూరులలో సింగరేణి బొగ్గు గనులున్నాయి. భద్రాచల రామదాసుగా పేరొందిన కంచర్ల గోపన్న స్వగ్రామం ఖమ్మం జిల్లాలోని నేలకొండపల్లి.

ఈ హద్దుల మార్పు సినిమా వ్యాపారం మీదా పడింది. టికెట్ల ధరలపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2021 ఏప్రిల్‌లో, మళ్ళీ 2022 మార్చిలో ఉత్తర్వులిచ్చింది. తెలంగాణ ప్రభుత్వం 2021 డిసెంబరులో తన ఉత్తర్వులు తాను ఇచ్చింది. నది ఒడ్డున ఒక ఊరివాళ్ళు ఒక ధర, కొద్ది కిలోమీటర్ల అవతలివాళ్ళు మరో ధర లెక్కన అదే సినిమా చూసే పరిస్థితి వచ్చింది. ‘పెట్టిన డబ్బుకు న్యాయం జరిగిందా’ అన్నది తెలుగు సమీక్షలో ఎప్పుడూ ఉండే ప్రశ్న. ఇక్కడ దానికి జవాబు రాష్ట్రాన్ని బట్టి మారుతుంది.

చరిత్ర

తొలి రోజుల్లో సినిమా రాతలు వార్తాపత్రికల్లో, సాహిత్య పత్రికల్లో విడివిడిగా వచ్చేవి. పత్రికారంగం నుంచి నేరుగా చిత్ర నిర్మాణంలోకి వెళ్ళినవాళ్ళున్నారు. ‘ప్రజామిత్ర’ సంపాదకుడు గూడవల్లి రామబ్రహ్మం ‘మాలపిల్ల’ (1938), ‘రైతుబిడ్డ’ (1939) తీశారు. సినిమా సమాజానికి జవాబు చెప్పాలన్న పట్టుదల తెలుగు విమర్శలో మొదటి నుంచీ ఉండటానికి ఇలాంటి వ్యక్తులు ఒక కారణం. కథకుడు కొడవటిగంటి కుటుంబరావు (1909–1980) సినిమాను కథానిర్మాణం దృష్టితో, ప్రేక్షకుల అభిరుచి దృష్టితో వరుసగా పరిశీలించారు. ఆయన సినిమా వ్యాసాలు తర్వాత సంపుటంగా వచ్చాయి.

ముళ్ళపూడి వెంకటరమణ స్థానం ప్రత్యేకమైనది. 1950లలో ఆంధ్రపత్రికలో ఆయన రాసిన చురుకైన సమీక్షలను పాఠకులు కథల్లా చదివేవారు. తర్వాత ఆయనే ‘రక్తసంబంధం’ (1962) వంటి చిత్రాలకు రచయిత అయ్యారు. గోదావరి మీద రాజమండ్రి నుంచి భద్రాచలం వెళ్ళే లాంచీ ప్రయాణంగా సాగే ‘అందాల రాముడు’ (1973) బాపు దర్శకత్వంలో ఆయన రాసినదే. అంటే ఈ నదీమార్గానికి తెలుగు తెర మీద స్థిరమైన రూపం ఇచ్చింది ఒకప్పటి విమర్శకుడు.

‘రూపవాణి’ వంటి సినిమా పత్రికల దారిలో 1966లో ‘విజయచిత్ర’, 1976లో ‘సితార’, 1977లో ‘జ్యోతిచిత్ర’ వచ్చాయి. వీటిలో తారల విశేషాలు, షూటింగు కబుర్లు, బొమ్మలు ఎక్కువ చోటు తీసుకున్నా, సాంకేతిక నిపుణుల గురించి, పాటల పుట్టుక గురించి సాధారణ పాఠకుడికి చెప్పింది ఇవే. 1974లో మొదలైన ‘ఈనాడు’ 1989లో జిల్లా అనుబంధాలు తేవడంతో జిల్లా కేంద్రాల్లోని రంగస్థల, సంగీత కార్యక్రమాలకు కూడా అచ్చులో చోటు దొరికింది. ఖమ్మంలోని భక్త రామదాసు కళాక్షేత్రంలో జరిగే నాటక ప్రదర్శనలు పాఠకులకు చేరింది ప్రధానంగా ఈ జిల్లా పేజీల ద్వారానే. అయితే అవి చాలావరకు వార్తలుగానే ఉండేవి. నటన ఎలా ఉంది, నాటకం ఎక్కడ కుంటుపడింది అని చెప్పే అలవాటు జిల్లా పేజీలకు పెద్దగా అబ్బలేదు.

ప్రపంచ సినిమాను పరిచయం చేసిన ఫిలిం సొసైటీల ఉద్యమం తెలంగాణలో హైదరాబాదు తర్వాత కరీంనగర్‌లో బాగా నిలదొక్కుకుంది. కవి, విమర్శకుడు వారాల ఆనంద్ పేరు దానితో ముడిపడి ఉంది. 1999లో మొదలైన ఐడిల్‌బ్రెయిన్ వెబ్‌సైటు సమీక్షకు విడుదల నాటి వేగాన్నీ, ఐదు మార్కుల కొలతనూ అలవాటు చేసింది. 2008లో వెంకట్ సిద్దారెడ్డి మొదలుపెట్టిన ‘నవతరంగం’ వెబ్‌సైటు తెలుగులోనే, తెలుగు లిపిలోనే, నిదానంగా సినిమాను చర్చించే చోటుగా నిలిచింది. తర్వాతి తరం విమర్శకుల్లో చాలామంది అక్కడ రాసినవాళ్ళు. 2016 తర్వాత మొబైల్ డేటా చౌక కావడంతో వీడియో సమీక్ష అచ్చు సమీక్షను దాటిపోయింది.

రకాలు

విడుదల సమీక్ష అందరికీ తెలిసిన రకం. దాని పక్కన నాలుగు రకాలు నిలకడగా ఉన్నాయి. ఒకటి చారిత్రక పరిశోధన. తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ 1931 సెప్టెంబరు 15న విడుదలైందని దశాబ్దాల పాటు నమ్మారు. రెంటాల జయదేవ నాటి ఆధారాలు వెతికి, 1932 జనవరిలో సెన్సారు పూర్తయిందనీ, ఫిబ్రవరి 6న బొంబాయిలో విడుదలైందనీ నిరూపించారు. ఆయనకు 2011 సంవత్సరానికి ఉత్తమ విమర్శకుడిగా నంది పురస్కారం వచ్చింది. తొలినాటి టాకీల మీద ఆయన రాసిన ‘మన సినిమా ఫస్ట్ రీల్’కు 2025లో ప్రకటించిన గద్దర్ సినీ పురస్కారాల్లో ఉత్తమ గ్రంథంగా గుర్తింపు దక్కింది.

రెండోది విశ్వవిద్యాలయాల విమర్శ. ఎస్.వి. శ్రీనివాస్ చిరంజీవి మీద రాసిన పుస్తకం (2009), తెలుగు సినిమా సామాజిక చరిత్ర మీద రాసిన పుస్తకం (2013), పౌరాణిక, భక్తి చిత్రాల మీద ఉమా మహేశ్వరి భృగుబండ పుస్తకం (2018) ముఖ్యమైనవి. ఇవి ఇంగ్లిషులో వెలువడ్డాయి. వీటి ఆలోచనలు తెలుగు పాఠకుడికి అరకొరగానే చేరాయి. మూడోది సంగీత విమర్శ. వేల గ్రామఫోను రికార్డులు సేకరించిన వి.ఏ.కె. రంగారావు ‘ఆలాపన’ శీర్షికతో సినిమా పాట వివరాలను నిక్కచ్చిగా నమోదు చేసే పద్ధతిని నిలబెట్టారు. నాలుగోది టీవీ విమర్శ. ఇది నాలుగింటిలో బలహీనమైనది (చూ. రేడియో, టీవీ).

పని తీరు

పత్రికల కాలంలో సినిమా విడుదలకూ సమీక్షకూ మధ్య కొన్ని రోజులు, ఒక్కోసారి ఒక వారం ఉండేది. ఇప్పుడు అమెరికాలో ప్రీమియర్ ప్రదర్శన మన తెల్లవారుజామున ముగుస్తుంది. భద్రాచలంలో మొదటి ఆట టికెట్టు చిరగకముందే ఫలితం ఫోన్లలో తేలిపోతుంది. టికెట్లు అమ్మే యాప్‌ల మీద ప్రేక్షకులు ఇచ్చే మార్కులు మరో కొలత అయ్యాయి. అభిమానులు ఆ మార్కులను ఎగదోయడం, ఎదుటి హీరో సినిమాను దిగలాగడం విమర్శకు సంబంధం లేని పోరుగా మారింది. కేరళ హైకోర్టు 2023లో ఇలాంటి ‘రివ్యూ బాంబింగ్’ ఫిర్యాదును విచారించింది. విడుదలైన 48 గంటల దాకా వ్లాగర్లు సమీక్షలు ఆపాలని కోర్టు సహాయకుడి నివేదిక 2024లో సూచించింది. తెలుగు నిర్మాతల్లోనూ ఇలాంటి డిమాండు తరచుగా వినిపిస్తుంది. డబ్బు పెట్టి టికెట్టు కొన్నవాడి నోరు రెండు రోజులు మూయాలనడం సమంజసం కాదు. డబ్బు తీసుకుని మార్కులు వేసేవారిని బయటపెట్టడమే దీనికి సరైన మందు.

భారత కాపీరైట్ చట్టం (1957) 52వ సెక్షన్ విమర్శ, సమీక్షల కోసం రచనలోని భాగాన్ని న్యాయమైన మేరకు వాడుకోవడాన్ని అనుమతిస్తుంది. దృశ్యాలను చూపిస్తూ మాట్లాడే వీడియో విమర్శకు చట్టం ఇచ్చే ప్రధాన ఆసరా ఇదే. సినిమాటోగ్రాఫ్ చట్టానికి 2023లో చేసిన సవరణతో యు/ఏ ధ్రువపత్రంలో 7, 13, 16 ఏళ్ళ అంచెలు వచ్చాయి. పిల్లలతో వెళ్ళవచ్చా అన్న ప్రశ్నకు సమీక్షకులు ఇప్పుడు ఈ అంచెలను కూడా పేర్కొంటున్నారు.

తెర మీద రామదాసు

భద్రాచలం కథ తెలుగు టాకీ తొలి ఏళ్ళలోనే సినిమా అయింది. 1933లో సి. పుల్లయ్య దర్శకత్వంలో ‘రామదాసు’ వచ్చింది. 1964లో చిత్తూరు వి. నాగయ్య తానే నిర్మించి, దర్శకత్వం వహించి, నటించిన ‘భక్త రామదాసు’ వచ్చింది. అందులో కబీరు పాటలకు మహమ్మద్ రఫీ గొంతు అరువిచ్చారు. 2006 మార్చి 30న కె. రాఘవేంద్రరావు ‘శ్రీరామదాసు’ విడుదలైంది. నాగార్జున గోపన్నగా, అక్కినేని నాగేశ్వరరావు కబీరుగా, సుమన్ రాముడిగా నటించారు. సంగీతం ఎం.ఎం. కీరవాణి.

నాగయ్య చిత్రానికీ రాఘవేంద్రరావు చిత్రానికీ తేడాను సమీక్షకులు ఎక్కువగా పాటలు, తారాబలం దృష్టితో చూశారు. ‘అన్నమయ్య’ (1997) నుంచి దర్శకుడు తెచ్చుకున్న పద్ధతి ఇందులోనూ ఉంది. మొదటి సగంలో శృంగారం, రెండో సగంలో భక్తి. ఇంతకంటే లోతైన ప్రశ్న ఒకటుంది. గోపన్న గోల్కొండ సుల్తాను తానీషా కొలువులో పాల్వంచ ప్రాంతపు తహసీల్దారు. గుడి కట్టడానికి వాడింది జనం కట్టిన శిస్తు. ఆ శిస్తు చెల్లించినవాళ్ళలో అడవి పల్లెలవాళ్ళు ఎవరు, గుడితో వాళ్ళ సంబంధమేమిటి అన్నది కథకు ప్రాణం లాంటి విషయం. భద్రాచలం చుట్టూ ఉన్న కోయ సమాజం ఈ చిత్రాల్లో ఎక్కడ నిలబడి ఉందో విడుదల నాటి సమీక్షలు అడగలేదు. భృగుబండ వంటి పరిశోధకులు భక్తిచిత్రాన్ని ప్రేక్షకుడికీ, పౌరుడికీ మధ్య సంబంధంగా చదివినప్పుడే ఇలాంటి ప్రశ్నలకు దారి దొరికింది.

లాంచీ దారి

‘అందాల రాముడు’ వచ్చిన 33 ఏళ్ళకు, 2006 మే నెలలో శేఖర్ కమ్ముల ‘గోదావరి’ అదే నదిమీద, అదే దిశలో సాగింది. కె.ఎం. రాధాకృష్ణన్ సంగీతం, వేటూరి పాటలు, సుమంత్, కమలినీ ముఖర్జీ జంట చిత్రానికి పేరు తెచ్చాయి. బాపు–రమణల చిత్రానికి ఇది నమస్కారమని సమీక్షకులు గుర్తించారు. పోలిక న్యాయమే. కాకపోతే రెండు సినిమాల మధ్య తేడా కూడా చెప్పుకోవాలి. ‘అందాల రాముడు’ లాంచీలో పైతరగతి, కింది తరగతి ప్రయాణికుల మధ్య అంతరమే నాటకం. ‘గోదావరి’లో లాంచీ పట్నం మనుషులు తమ మనసు తాము తెలుసుకునే చోటు. రెంటిలోనూ ఒడ్డు దృశ్యంగానే ఉంటుంది.

ఆ ఒడ్డు ఇప్పుడు విమర్శకు కొత్త బాధ్యత తెచ్చింది. పాపికొండల మధ్య ఈ నదీభాగంలోని ఎన్నో గ్రామాలు పోలవరం ముంపు పరిధిలో ఉన్నాయి. కచ్చులూరు దగ్గర 2019 సెప్టెంబరు 15న జరిగిన పడవ ప్రమాదం తర్వాత పర్యాటక లాంచీల రాకపోకలపై నిబంధనలు మారాయి. ఈ రెండు సినిమాలు వినోదంతో పాటు ఒక నదీతీరం నమోదులు కూడా అయ్యాయి. వాటిని మళ్ళీ చూసి రాసే విమర్శకుడు చిత్రంలో కనిపించే రేవు ఏది, ఆ ఊరు ఇప్పుడు ఎక్కడుంది అని చెప్పగలిగితే అది పాఠకుడికి పాటల వివరం కంటే విలువైనది.

అడవికి అడవి బదులు

రాజమహేంద్రవరం నుంచి భద్రాచలం వచ్చే ఘాట్ రోడ్డు మీద మారేడుమిల్లి ఉంది. ‘పుష్ప: ది రైజ్’ (2021 డిసెంబరు 17) కథ శేషాచలం ఎర్రచందనం అడవిది, చిత్రీకరణ చాలావరకు మారేడుమిల్లి అడవుల్లో జరిగింది. ఒక అడవిని మరో అడవిగా చూపడం సినిమాకు మామూలే. అయితే శేషాచలం పొడి అడవి, గోదావరి ఏజెన్సీ తడి అడవి. చెట్టు వేరు, నేల రంగు వేరు, వెలుగు వేరు. ఛాయాగ్రహణాన్ని మెచ్చుకున్న సమీక్షల్లో ఈ తేడాను పట్టినవి అరుదు. అడవిని పచ్చటి తెరగా కాక ఒక నిర్దిష్టమైన చోటుగా చూసే అలవాటు లేకపోవడమే ఇందుకు కారణం.

కృష్ణ నూరో చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ (1974) చింతపల్లి అడవుల్లో, అంటే అల్లూరి నడిచిన ఏజెన్సీలోనే తీశారు. శ్రీశ్రీ పాటకు జాతీయ పురస్కారం వచ్చింది. ‘ఆర్ఆర్ఆర్’ (2022 మార్చి 25) అల్లూరినీ, ఆదిలాబాదు గోండు వీరుడు కొమరం భీమ్‌నూ కలిపి కల్పించిన కథ. దాని మీద చర్చ తెలుగు విమర్శ చరిత్రలో ముఖ్యమైన ఘట్టం. ‘నాటు నాటు’ పాటకు 2023 మార్చిలో ఆస్కార్ రావడంతో చిత్రం ప్రపంచానికి తెలిసింది. అదే సమయంలో అల్లూరి రాముడి వేషంలో కనిపించడం, భీమ్ అతని దగ్గర చదువు కోరుకోవడం ఆదివాసీ నాయకత్వాన్ని తగ్గించి చూపాయని పలువురు విమర్శకులు రాశారు. స్నేహమే కథాంశమని, ఇద్దరూ సమానులేనని మరికొందరు వాదించారు. చిత్రం పట్ల ఇష్టాన్ని దాచుకోకుండానే దాని రాజకీయాన్ని ప్రశ్నించవచ్చని ఈ చర్చ తెలుగు పాఠకులకు చూపింది.

2021లో సెన్సారైన చిత్రాలకు 69వ జాతీయ పురస్కారాలను 2023 ఆగస్టులో ప్రకటించారు. అందులో ‘పుష్ప’కు అల్లు అర్జున్ ఉత్తమ నటుడయ్యారు. ‘ఆర్ఆర్ఆర్’కు ఉత్తమ జనరంజక చిత్రంతో పాటు పలు పురస్కారాలు దక్కాయి. అదే జాబితాలో ఉత్తమ సినీ విమర్శకుడి పురస్కారం తెలుగు రచయిత పురుషోత్తమాచార్యులకు వచ్చింది. నటుడి పురస్కారం రోజుల తరబడి చర్చకు వచ్చింది. విమర్శకుడి పురస్కారానికి ఒక వార్తకు మించి చోటు దక్కలేదు.

విరాట పర్వం చర్చ

వేణు ఊడుగుల దర్శకత్వంలో 2022 జూన్ 17న విడుదలైన ‘విరాట పర్వం’ ఈ ప్రాంతానికి నేరుగా తగిలిన సినిమా. ఖమ్మానికి చెందిన ఒక యువతి నక్సలైట్ ఉద్యమంలో చేరాలని అడవికి వెళ్ళింది. ఇన్‌ఫార్మర్ అన్న అనుమానంతో 1992లో ఆమెను ఉద్యమకారులే చంపారు. ఆ ఉదంతమే కథకు ఆధారం. ఉద్యమ కవిని కవిత్వం ద్వారా ప్రేమించి వెతుక్కుంటూ వెళ్ళే వెన్నెలగా సాయిపల్లవి, రవన్నగా రానా నటించారు.

దాదాపు సమీక్షలన్నీ సాయిపల్లవి నటనను మెచ్చుకున్నాయి. మిగిలిన విషయాల్లో అభిప్రాయాలు చీలిపోయాయి. నక్సలిజాన్ని పొగిడిందని ఒకవైపు, ఉద్యమాన్ని ప్రేమకథ కిందికి దించిందని మరోవైపు అభ్యంతరాలు వచ్చాయి. తమవాళ్ళ తప్పును తెలుగు ఉద్యమ సినిమా ఇంత సూటిగా చూపడం అరుదని మూడో వాదన. ఆర్. నారాయణమూర్తి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ (1986), ‘ఎర్రసైన్యం’ (1994) వంటి చిత్రాల నుంచి ఉద్యమ సినిమాకు ఒక నమూనా ఏర్పడింది. అందులో ద్రోహం ఎప్పుడూ బయటి నుంచి వస్తుంది. ‘విరాట పర్వం’ ఆ నమూనాను దాటింది కాబట్టి మూడో వాదనకే బరువు ఎక్కువ. ఖమ్మం పాఠకులకు ఇది సినిమా చర్చతో ఆగలేదు. ఉదంతం గుర్తున్న తరం ఇంకా ఉంది. సినిమాలో ఏది జరిగింది, ఏది కల్పన అన్న లెక్క రాజధానిలో రాసిన సమీక్షల కంటే ఇక్కడి మాటల్లో ఎక్కువగా నలిగింది.

ఖమ్మం విగ్రహ వివాదం, 2023

ఎన్.టి. రామారావు శతజయంతి సందర్భంగా 2023 మే 28న ఖమ్మం లకారం చెరువులో 54 అడుగుల విగ్రహాన్ని ఆవిష్కరించాలని నిర్ణయించారు. విగ్రహం శ్రీకృష్ణుడి వేషంలో తయారైంది. దేవుడి రూపంలో నటుడి విగ్రహం పెట్టడాన్ని యాదవ సంఘాలు వ్యతిరేకించి హైకోర్టును ఆశ్రయించాయి. ఆవిష్కరణపై హైకోర్టు స్టే ఇచ్చింది. విగ్రహంలో మార్పులు చేయడానికి నిర్వాహకులు సిద్ధపడ్డారు. సినీ పరిశ్రమలో కూడా అభిప్రాయాలు రెండుగా చీలాయి.

జనరంజక కళల విమర్శకు ఈ వివాదం పాఠ్యగ్రంథం వంటిది. ‘మాయాబజార్’ (1957) నుంచి రామారావు కృష్ణుడు, ‘లవకుశ’ (1963) నుంచి ఆయన రాముడు తెలుగిళ్ళ గోడల మీద క్యాలెండర్లయి వేలాడారు. నటుడి ముఖమే దేవుడి ముఖంగా స్థిరపడింది. ఆ ముఖమే 1983 ఎన్నికల్లో ముఖ్యమంత్రి ముఖమూ అయింది. దశాబ్దాలుగా పరిశోధకులు పుస్తకాల్లో రాసిన ఈ సంగతి ఖమ్మంలో విగ్రహమై చెరువు మధ్యకు వచ్చేసరికి, ‘ఈ రూపం ఎవరిది’ అన్న ప్రశ్నను కోర్టు ముందు అడగాల్సి వచ్చింది. అభిమానికి అది తన నటుడి పాత్ర. భక్తుడికి అది తన దేవుడు. యాదవ సంఘాలకు తమ కుల దైవం. మూడు వాదనల్లోనూ నిజాయితీ ఉంది. పత్రికలు దీన్ని రాజకీయ వార్తగా, కుల వార్తగా రాశాయి. పౌరాణిక చిత్ర చరిత్రతో కలిపి వివరించిన రచనలు తక్కువ.

ఆ వివాదం సద్దుమణగకముందే జూన్ 16న ‘ఆదిపురుష్’ వచ్చింది. సంభాషణలు, గ్రాఫిక్స్ మీద తీవ్ర విమర్శ రావడంతో విడుదల తర్వాత హిందీ సంభాషణలు కొన్నింటిని మార్చారు. విమర్శ ఫలితంగా ఆడుతున్న సినిమాలోనే మాటలు మారడం అరుదైన సంగతి. తెలుగు ప్రేక్షకులు అందులో రాముడైన ప్రభాస్‌ను బాపు రాముడి పక్కన, రామారావు రాముడి పక్కన పెట్టి కొలిచారు.

రేడియో, టీవీ

భద్రాచలం సీతారామ కల్యాణం ఈ ప్రాంతం నుంచి ఏటా ప్రసారమయ్యే అతి పెద్ద కార్యక్రమం. ఆకాశవాణిలో ఉషశ్రీ చెప్పిన ప్రత్యక్ష వ్యాఖ్యానం ఒక తరానికి కల్యాణాన్ని చెవులతో చూపించింది. హైదరాబాదు దూరదర్శన్ 1977లో మొదలైంది. 1995 నుంచి ఈటీవీ, జెమినీ వంటి ప్రైవేటు చానళ్ళు వచ్చాక కల్యాణం కెమెరాల పోటీగా మారింది. ఉషశ్రీ తర్వాత వ్యాఖ్యానం తీరు ఎలా మారింది, పురాణ పరిజ్ఞానం ఎంత ఉంది, రాజకీయ నాయకుల రాకకు ఎంత చోటు పోతోంది అన్నవి తీరికగా చర్చించదగిన అంశాలు. టీవీ విమర్శ సాధారణంగా సీరియళ్ళ సాగతీత, బిగ్ బాస్ (తెలుగులో 2017 నుంచి) తగవుల దగ్గర ఆగిపోయింది. కొత్తగూడెంలో ఆకాశవాణి కేంద్రం ఉంది. దాని కార్యక్రమాలపై విమర్శ దాదాపు లేదు.

పాట ఎవరిది

మా టీవీలో వచ్చిన ‘రేలా రె రేలా’ జానపద పాటల పోటీ తెలంగాణ పల్లె గొంతులను తెర మీదికి తెచ్చింది. అక్కడ వరంగల్ ప్రాంతపు గాయని పాడి ప్రాచుర్యంలోకి తెచ్చిన ‘సారంగ దరియా’ 2021లో సుద్దాల అశోక్‌తేజ మార్పులతో ‘లవ్‌స్టోరీ’ సినిమా పాట అయింది. సినిమాలో మంగ్లీ పాడారు. పాటను సేకరించి పాడిన మనిషికి గుర్తింపు ఏది అన్న వివాదం రేగింది. జానపద పాట అందరిదీ అన్న మాట నిజమే. కానీ సినిమాలోకి వెళ్ళాక ఆదాయం అందరికీ రాదు. సంగీత సమీక్షలు స్వరం, గొంతు, వీక్షణల సంఖ్యల దగ్గర ఆగితే ఈ లెక్క కనబడదు.

కోయ సంగీతం విషయంలో సమస్య ఇంకా మౌలికమైనది. మణుగూరు మండలం కూనవరానికి చెందిన (శబరి ఒడ్డున ఉన్న కూనవరం వేరు) సకిని రామచంద్రయ్య సమ్మక్క–సారలమ్మల, కోయ వంశాల చరిత్రను డోలు మీద పాడిన కళాకారుడు. 2022లో పద్మశ్రీ పొందారు. 2025 జూన్‌లో మరణించారు. పురస్కార వార్తల్లో ఆయన పేదరికం, నిరాడంబరత గురించి రాశారు. ఏ కథను ఏ వరుసలో పాడతారు, వంశవృక్షం చెప్పేటప్పుడు లయ ఎలా మారుతుంది, కోయ మాట ఎక్కడ ఆగి తెలుగు ఎక్కడ మొదలవుతుంది అన్న పరిశీలన కర్ణాటక గాయకుడి కచేరీకి దొరికినట్టు ఆయన పాటకు దొరకలేదు. జయధీర్ తిరుమలరావు ఆదివాసీ వాద్యాలను, కోయల పడిగె (వంశకథలు చిత్రించిన జెండా గుడ్డ) చిత్రాలను సేకరించి ‘ఆద్యకళ’ పేరుతో ప్రదర్శించడం ఈ దిశగా జరిగిన గట్టి పని. పడిగె మీది బొమ్మల వరుస, డోలు పాటలోని కథ వరుస ఒకదానికొకటి తోడుగా సాగుతాయి. వాటిని కలిపి చదవడానికి కోయ భాష తెలిసిన విమర్శకులు కావాలి. కోయ యువకులు సొంత భాషలో పాటలు రికార్డు చేసి ఫోన్లలో పంచుకుంటున్న ఈ కాలంలో ఆ విమర్శ కోయలోనే మొదలయ్యే అవకాశం ఉంది.

చూ. పౌరాణిక చిత్రాలు, కోయ భాష, భద్రాచల రామదాసు, సమ్మక్క–సారలమ్మ, నంది పురస్కారాలు, పోలవరం ప్రాజెక్టు.